దవడ తీసేశాక నమలడం: లెక్క పళ్ల దగ్గర మొదలవ్వాలి

క్యాన్సర్ గడ్డతో పాటు కింది దవడలో ఒక ముక్క తీసేశారు. కాలి నుంచి ఎముక తెచ్చి ఆ ఖాళీ పూడ్చారు. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుక్కుంది, ముఖం తీరు పెద్దగా మారలేదు, బయాప్సీ రిపోర్టు కూడా బాగుంది. డాక్టర్లు ఆపరేషన్ సక్సెస్ అన్నారు. అది నిజమే. కానీ ఏడాది గడిచినా ఆ మనిషి మెత్తగా నలిపినవే మింగుతున్నాడు. తినేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటే ఇబ్బంది పడి లేచి వెళ్లిపోతున్నాడు. ఇదీ నిజమే. ఈ స్థితిలో ఆగిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు.

దవడ ఎముకను తిరిగి కట్టడం ఒక పని, దవడ చేసే పనిని తిరిగి తేవడం మరో పని. మొదటిది ఆపరేషన్ థియేటర్లో ఒక్క రోజులో అయిపోతుంది. రెండోదానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఆ రెండో పనికి ఇవాళ మన చేతిలో ఉన్న అతి బలమైన సాధనం ఇంప్లాంట్ల మీద, అంటే పన్ను వేరులా ఎముకలో బిగించే చిన్న టైటానియం కడ్డీల మీద, నిలిచే పళ్ల సెట్టు. అయితే దీన్ని చాలామంది చివర్లో చూసుకునే వ్యవహారంగా భావిస్తారు: ముందు ప్రాణం, తర్వాత ఎముక, అన్నీ కుదిరాక పళ్లు. ప్రాణం ముందన్నదాంట్లో రెండో మాట లేదు. కానీ ఎముక అమర్చిన తర్వాత పళ్ల గురించి ఆలోచించడం మొదలుపెడితే, అప్పటికే సగం దారులు మూసుకుపోయి ఉంటాయి. పళ్లు ఎక్కడ ఉండాలో తేల్చుకుని, దానికి తగ్గట్టు ఇంప్లాంట్లు, ఆ ఇంప్లాంట్లకు తగ్గట్టు ఎముక అనే వరుసలో నడిస్తేనే నమలడం దాకా చేరగలం. ఎందుకో చూద్దాం.

పోయింది ఎముక ఒక్కటే కాదు

దవడలో భాగం తీసేయాల్సి రావడానికి నోటి క్యాన్సర్ ప్రధాన కారణం. అమెలోబ్లాస్టోమా అనే గడ్డ సాధారణంగా క్యాన్సర్ కాదు గానీ ఎముకలోకి చొచ్చుకుపోతుంది. పైపైన గీకి వదిలేస్తే మళ్లీ వస్తుంది కాబట్టి చుట్టూ ఉన్న మంచి ఎముకతో సహా తీయాల్సి ఉంటుంది. రేడియేషన్ తర్వాత కొందరికి దవడ ఎముక చచ్చుబడుతుంది. ఎముకల బలానికి, ఎముకలకు పాకిన క్యాన్సర్‌కు వాడే కొన్ని మందులు కూడా అలాంటి పరిస్థితి తెస్తాయి. పెద్ద ప్రమాదాల్లో దవడ నుజ్జయినవాళ్లు ఉంటారు. కొవిడ్ కాలంలో, ముఖ్యంగా 2021లో, బ్లాక్ ఫంగస్ వల్ల పై దవడ పోగొట్టుకున్నవాళ్లు ఒక్కసారిగా పెరిగారు.

కారణం ఏదైనా, తర్వాతి జీవితాన్ని నిర్ణయించేది ఎంత తీశారు, ఎక్కడ తీశారు అన్నదే. కింది దవడ అడుగు అంచును అలాగే ఉంచి పైభాగం మాత్రం కోసి తీస్తే, ఎముక ఎత్తు తగ్గుతుంది గానీ తెగిపోదు. కండరాలు వాటి చోట్లో అవి ఉంటాయి. నిలువునా ఒక ముక్క మొత్తం తీసేస్తే కథ మారిపోతుంది. కింది దవడ రెండు వైపులా కండరాల ఆధారంతో పుర్రెకు వేలాడుతూ ఉంటుంది. ఊయలకు ఒక పక్క తాడు తెగితే పీట ఎలా వాలిపోతుందో, ఎముక తిరిగి కట్టకుండా వదిలేసిన దవడ అలా వాలుతుంది. అద్దం ముందు నోరు తెరిస్తే గడ్డం కోసిన వైపుకు జరుగుతుంది. మూసినప్పుడు మిగిలిన వైపు కింది పళ్లు పై పళ్లకు ఎదురుగా రాకుండా లోపలికి, అంగిలి దగ్గరకు వచ్చి ఆగుతాయి. అంటే ఉన్న పళ్లు గట్టివైనా సరే, ఒకదాని మీద ఒకటి పడవు. పళ్లుండీ నమలలేని స్థితి ఇది.

ఇలాంటివాళ్లకు తొలి వారాల్లోనే దవడను చేత్తో పట్టుకుని సరైన చోటికి నడిపించే వ్యాయామాలు నేర్పాలి. పళ్లకు తగిలించే చిన్న అడ్డుపలక ఒకటి ఉంటుంది, అది మూసేటప్పుడు దవడ పక్కకు జారకుండా ఆపుతుంది. ఆలస్యమయ్యే కొద్దీ మచ్చకణజాలం గట్టిపడి దవడను ఆ వంకర స్థితిలోనే లాగి పట్టేస్తుంది. అప్పుడిక మిగిలేది సర్దుబాటే. ప్రోస్థోడాంటిస్టులు, అంటే పోయిన పళ్లను, దవడ భాగాలను తిరిగి అమర్చే దంత నిపుణులు, అలాంటప్పుడు పై సెట్టులో రెండు వరుసల పళ్లు పెడతారు. బయటి వరుస ముఖానికి, పెదవి ఆధారానికి. అంగిలి వైపున్న రెండో వరుస మీద కింది పళ్లు వచ్చి పడతాయి. చూడటానికి వింతగా ఉంటుంది గానీ, నమలడానికి ఒక తావు దొరుకుతుంది.

ఎముకతో పాటు పోయే ఇంకో సంగతి స్పర్శ. కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం దవడ ఎముక లోపలి నుంచే వెళ్తుంది. ఆ ముక్క తీసినప్పుడు చాలాసార్లు నరం కూడా పోతుంది. పెదవి మీద మెతుకు అంటుకున్నా తెలియదు, చొంగ కారినా తెలియదు. నలుగురిలో తినడం మానేయడానికి నమలలేకపోవడం కంటే ఇది పెద్ద కారణం కావచ్చని నాకనిపిస్తుంది.

ఇక నాలుక. నమలడంలో పళ్ల పాత్ర మనకు కనిపిస్తుంది, నాలుక పాత్ర కనిపించదు. ముద్దను పళ్ల మీదికి తోసేదీ, జారిపోతే మళ్లీ వెనక్కి తెచ్చేదీ, చివరికి గొంతులోకి నెట్టేదీ నాలుకే. అవతలి పక్క బుగ్గ కాపలా కాస్తుంది. క్యాన్సర్‌తో నాలుకలో భాగం పోయినా, కుట్ల వల్ల నాలుక నోటి అడుగుకు అతుక్కుపోయినా, ఎంత మంచి పళ్లు పెట్టినా ముద్ద వాటి మీదికి రాదు. ఇంప్లాంట్ పళ్లు పెట్టించుకున్నాక ఎవరికి ఎంత మేలు జరుగుతుందో ముందుగా చెప్పాలంటే, ఎక్స్‌రే కంటే ముందు నాలుక కదలిక చూడాలి. నాలుక పై దాకా అందని వాళ్లకు అంగిలి భాగాన్ని మందంగా చేసి కిందికి దించిన ప్లేటు తయారుచేస్తారు. నాలుక అంగిలి దాకా ఎగరలేనప్పుడు అంగిలినే నాలుక దగ్గరకు తేవడమన్నమాట. మాట స్పష్టత, మింగడం రెండూ దీంతో మెరుగుపడతాయి.

మామూలు కట్టుడు పళ్లు ఎందుకు చాలవు

తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు నిలబడేది చిగురు గట్టు మీద. దాని ఆకారం, దాని చుట్టూ బుగ్గకూ నాలుకకూ మధ్య ఉండే లోయ, తడిగా ఉండే నోరు, అదుపులో ఉండే నాలుక, ఇవన్నీ కలిస్తేనే సెట్టు కదలకుండా ఉంటుంది. అన్నీ బాగున్నవాళ్లకే పూర్తి కట్టుడు పళ్లతో వచ్చే కొరుకు బలం, సొంత పళ్లున్నవాళ్ల బలంలో నాలుగో వంతో ఐదో వంతో ఉంటుంది. దవడ కోసినవాళ్లకు పై వాటిల్లో ఒక్కటీ సరిగ్గా ఉండదు. గట్టు స్థానంలో ఎముకతో పాటు కాలి నుంచి తెచ్చిన మందపాటి చర్మం ఉంటుంది, అది వేలితో నొక్కితే కదులుతుంది. లోయ పూడిపోయి పెదవి, బుగ్గ, నోటి అడుగు ఒకే చదునుగా కలిసిపోయి ఉంటాయి. రేడియేషన్ తర్వాత లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది. ఎండిన నోట్లో సెట్టు ఒరుసుకుని పుండు పడుతుంది, రేడియేషన్ తగిలిన చోట పుండు తొందరగా మానదు. కాబట్టి ఇక్కడ ఇంప్లాంట్ అంటే సోకు కాదు. బరువును చర్మం మీద పడనీయకుండా నేరుగా ఎముకకు అందించే మార్గం అదే.

టైటానియం ఎముకతో ఒకటైపోతుందన్న సంగతిని స్వీడన్ పరిశోధకుడు పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950ల్లో కుందేళ్ల ఎముకల్లో రక్తప్రసరణను పరిశీలిస్తూ గమనించాడు. పరిశీలన కోసం ఎముకలో బిగించిన చిన్న టైటానియం పరికరాలు తర్వాత బయటికి రాలేదు. 1965లో గోథెన్‌బర్గ్‌లో తొలిసారి మనిషి దవడలో ఇంప్లాంట్లు పెట్టాడు. ఆ మొదటి పేషెంటు దవడ, గడ్డం లోపాలతో బాధపడుతున్న మనిషి. అంటే ఇంప్లాంట్ వైద్యం మొదలైందే దవడ సరిగ్గా లేని ఒకరి కోసం. ఊడిన ఒక్క పన్ను స్థానంలో అందం కోసం పెట్టుకోవడం తర్వాతి సంగతి. 1982లో టొరంటోలో జరిగిన సమావేశం తర్వాతే ప్రపంచంలోని దంతవైద్యులు దీన్ని విస్తృతంగా అందిపుచ్చుకున్నారు.

కాలి ఎముక దవడలో ఎలా ఇముడుతుంది

ఖాళీని లోహపు ప్లేటుతో మాత్రమే కలిపి వదిలేయవచ్చు. వయసు, ఇతర జబ్బుల వల్ల పెద్ద ఆపరేషన్ తట్టుకోలేని వాళ్లకు అలా చేస్తారు. కానీ ప్లేటులో ఇంప్లాంట్ నిలవదు. ఏళ్లు గడిచే కొద్దీ ప్లేటు విరగడం, చర్మం చీల్చుకుని బయటికి కనిపించడం కూడా జరుగుతుంది. పళ్లు కావాలంటే ప్రాణమున్న ఎముక కావాలి.

మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. బరువు మోసేది లావుపాటిది. దాని పక్కన సన్నగా ఉండే ఫిబులాను రక్తనాళాలతో సహా తీసి మెడలోని రక్తనాళాలకు మైక్రోస్కోపు కింద కుట్టవచ్చు. 1975లో ఆస్ట్రేలియాలో టేలర్ బృందం ఈ ఎముకను రక్తనాళాలతో సహా మరో కాలికి మార్చి చూపించింది. 1989లో అమెరికా సర్జన్ డేవిడ్ హిడాల్గో దాన్ని కింది దవడకు వాడాడు. అప్పటి నుంచి పెద్ద ఖాళీలకు అదే మొదటి ఎంపికగా నిలిచింది. పెద్దవాళ్లలో దాదాపు 22 నుంచి 25 సెంటీమీటర్ల పొడవు దొరుకుతుంది. మోకాలి వైపు, చీలమండ వైపు కొన్ని సెంటీమీటర్లు వదిలేస్తారు కాబట్టి నడకకు పెద్ద ఇబ్బంది రాదు. కొందరికి కాలి బొటనవేలు బలం తగ్గినట్టు అనిపిస్తుంది. కాస్త మందిలో పాదానికి రక్తం అందించే ప్రధాన నాళం ఫిబులా పక్కన నడిచేదే అయివుంటుంది. వాళ్లలో అది తీస్తే పాదానికే ముప్పు. అందుకే ముందుగా కాళ్ల రక్తనాళాలకు స్కానింగ్ తీస్తారు.

ఫిబులా గోడలు గట్టివి. ఇంప్లాంట్ పై గోడను, కింది గోడను రెండింటినీ పట్టుకోగలదు. దాని లోపం ఎత్తులో ఉంది. పళ్లున్న మామూలు కింది దవడ ఎత్తు సుమారు 30 మిల్లీమీటర్లుంటే, ఫిబులా 12 నుంచి 15 మిల్లీమీటర్లే. తుంటి ఎముక ఎత్తు ఇంతకంటే ఎక్కువ, దవడ వంపు కూడా దానిలో కొంత సహజంగానే ఉంటుంది. కానీ దాని రక్తనాళం పొట్టి, తెచ్చే చర్మం మందం. భుజం రెక్క ఎముక నుంచి ఎముకతో పాటు విడివిడిగా కదిలే చర్మం, కండరం దొరుకుతాయి. బుగ్గ, దవడ రెండూ పోయినప్పుడు అది పనికొస్తుంది గానీ, ఇంప్లాంట్‌కు కావాల్సినంత మందం అందరిలో ఉండదు.

ఇప్పుడు అసలు చిక్కు. ముఖం ఆకారం నిలబడాలంటే తెచ్చిన ఎముకను దవడ కింది అంచు వెంబడి అమర్చాలి. సర్జన్ కంటికి అదే సరైన చోటు, ప్లేటు వంపు కూడా అక్కడే కుదురుతుంది. పళ్లు ఉండాల్సింది మాత్రం ఆ అంచుకు పైన, కాస్త లోపలి వైపు. ఎముక కింద, బయటికి ఉండి, పళ్లు పైన, లోపలికి ఉంటే ఇంప్లాంట్ నుంచి పన్ను దాకా పొడవైన లోహపు కాడ లాంటిది కట్టాలి. నమిలిన ప్రతిసారీ ఆ కాడ ఇంప్లాంట్‌ను వంచడానికి చూస్తుంది. మరలు వదులవుతాయి, విరుగుతాయి, చుట్టూ ఎముక అరుగుతుంది. కొన్నిసార్లు ఇంప్లాంట్లు బాగా అతుక్కుని కూడా ఎందుకూ పనికిరాకుండా పోతాయి. వాటి ముఖం బుగ్గ వైపుకో నాలుక కిందికో తిరిగి ఉంటుంది, దాని మీద పన్ను కట్టే వీలుండదు.

దీన్ని తప్పించే దారులున్నాయి. ఫిబులాను మధ్యకు మడిచి ఒకదాని మీద ఒకటి రెండు వరుసలుగా పెట్టవచ్చు, కింది వరుస ముఖం ఆకారానికి, పై వరుస పళ్లకు. లేదా ముఖం ఆకారంలో ఒకటి రెండు మిల్లీమీటర్లు రాజీపడి ఎముకనే కాస్త పైకి పెట్టవచ్చు. ఏ దారి పట్టినా అది కత్తి పట్టకముందే తేలాలి.

వెనక నుంచి ముందుకు ప్లాన్ చేయడం

ఇప్పుడు మంచి కేంద్రాల్లో పని ఇలా నడుస్తుంది. ముఖానికి, కాలికి సీటీ స్కాన్ తీస్తారు. ఉన్న పళ్లను కూడా స్కాన్ చేసి ఆ బొమ్మలో కలుపుతారు. సర్జన్, ప్రోస్థోడాంటిస్ట్, ఇంజనీర్ ఒకే తెర ముందు కూర్చుంటారు. ముందు పై పళ్లకు ఎదురుగా కింది పళ్లు ఎక్కడ ఉండాలో తెర మీద నిలబెడతారు. ఆ పళ్ల కింద ఇంప్లాంట్లు ఏ కోణంలో ఉండాలో గీస్తారు. ఆ ఇంప్లాంట్లు పడేలా ఫిబులా ముక్కలు ఎక్కడ, ఎంత కోణంలో కోయాలో లెక్కిస్తారు. దవడ కోయడానికి ఒకటి, కాలి ఎముక కోయడానికి ఒకటి, రెండు గైడ్లు త్రీడీ ప్రింటర్‌లో తయారవుతాయి. సర్జన్ ఆ గైడ్ గాడిలో రంపం పెట్టి కోస్తాడు. ఇంప్లాంట్ రంధ్రాలు కూడా కాలి దగ్గరే, ఎముక ఇంకా రక్తనాళానికి అతుక్కుని ఉండగానే వేయవచ్చు.

ఈ పద్ధతిని చివరంటా తీసుకెళ్లినవాళ్లు న్యూయార్క్ యూనివర్సిటీ సర్జన్లు. గడ్డ తీయడం, ఫిబులా అమర్చడం, ఇంప్లాంట్లు, తాత్కాలిక పళ్లు అన్నీ ఒకే ఆపరేషన్‌లో చేసి, 2013లో ఆ అనుభవాన్ని ప్రచురించారు. ‘జా ఇన్ ఎ డే’ అన్న పేరు అలా వచ్చింది. వినడానికి అద్భుతంగా ఉంటుంది. నిజంగానే కొందరికి అద్భుతమే. అయితే ఆ ఒక్క రోజు వెనక వారాల ప్లానింగ్ ఉంటుంది. గడ్డ ఎక్కడిదాకా ఉందో కచ్చితంగా తెలిసి ఉండాలి. అమెలోబ్లాస్టోమా లాంటివాటిలో అది సాధ్యం, రేడియేషన్ కూడా అక్కర్లేదు. క్యాన్సర్‌లో ఆపరేషన్ టేబుల్ మీద ఇంకో సెంటీమీటరు తీయాల్సి వస్తే గైడ్లన్నీ వృథా అవుతాయి. ప్లాన్ చేయడానికి పట్టే వారాలు ఆగడానికి కూడా గడ్డ ఒప్పుకోదు. అందువల్ల ‘ఒక్క రోజులో దవడ’ అని ఎవరైనా చెబితే, అది ఏ జబ్బుకు చెబుతున్నారో ముందు తెలుసుకోవాలి.

రేడియేషన్, సమయం

క్యాన్సర్ పేషెంట్లలో చాలామందికి ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఉంటుంది. సాధ్యమైనంత వరకు ఆరు వారాల లోపే మొదలుపెట్టాలని చూస్తారు. రేడియేషన్ తగిలిన ఎముకలో సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి, కణాలు తగ్గుతాయి, ఆక్సిజన్ తక్కువగా అందుతుంది. అమెరికా సర్జన్ రాబర్ట్ మార్క్స్ 1983లో ఈ మూడింటినీ కలిపి దవడ ఎముక చచ్చుబడటానికి కారణంగా వివరించాడు. ఆ తర్వాత వేరే వివరణలూ వచ్చాయి గానీ, ఇంప్లాంట్ పెట్టేవాళ్లకు ఆచరణలో తేలింది ఒకటే: రేడియేషన్ మోతాదు పెరిగే కొద్దీ ఇంప్లాంట్ నిలిచే అవకాశం తగ్గుతుంది, ఎముక దెబ్బతినే ముప్పు పెరుగుతుంది.

ఇక్కడ రెండు దారులు. గడ్డ తీసిన రోజే ఇంప్లాంట్లు కూడా పెట్టేయడం మొదటిది. రేడియేషన్ మొదలయ్యేలోపు అవి అతుక్కోవడానికి ఆ కొన్ని వారాలు దొరుకుతాయి. పేషెంటు మళ్లీ కత్తి కిందికి వెళ్లాల్సిన అవసరం తగ్గుతుంది. ప్లాన్ సరిగ్గా లేకపోతే ఇంప్లాంట్లు తప్పు చోట పడతాయి, క్యాన్సర్ తిరగబెడితే అసలు వాడకుండానే పోతాయి. రెండోది అన్నీ మానాక, క్యాన్సర్ తిరగబెట్టడం లేదని కొంత నమ్మకం కుదిరాక పెట్టడం. దీనికి సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ ఆగుతారు. పెట్టిన తర్వాత ఎముకతో కలవడానికి మరో మూడు నుంచి ఆరు నెలలు. మొత్తం కలిపితే రెండేళ్లు అవ్వచ్చు. ఆ రెండేళ్లలో అలసిపోయి, ‘ఇక చాలు’ అని వదిలేసేవాళ్లు చాలామంది. రెండో దారి వైద్యపరంగా తప్పేమీ కాదు. కానీ మనిషి ఓపికకు ఓ హద్దు ఉంటుంది, దాన్ని కూడా లెక్కలో వేయాల్సిందే. మంచి ప్లానింగ్ చేయగల బృందం ఉన్న చోట, తొలి రోజే ఇంప్లాంట్లు పెట్టడం వైపే నేను మొగ్గుతాను.

రేడియేషన్ తగిలినవాళ్లకు ఒత్తిడి గదిలో ఆక్సిజన్ ఇచ్చి, ఆ తర్వాత పన్ను తీయడమో ఇంప్లాంట్ పెట్టడమో చేయాలన్న పద్ధతి చాలా ఏళ్లు నడిచింది. బ్రిటన్‌లో పేషెంట్ల మీద జరిగిన హోపాన్ అనే పరిశోధన 2019లో ఫలితాలు ప్రకటించింది. రేడియేషన్ పడిన కింది దవడలో పన్ను తీసేముందు, ఇంప్లాంట్ పెట్టేముందు ఈ ఆక్సిజన్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఎముక చచ్చుబడే రేటులో చెప్పుకోదగ్గ తేడా లేదని అది తేల్చింది. అందరికీ అది తప్పనిసరి అని చెప్పే కాలం పోయింది.

చర్మం చిగురు కాదు

ఎముక గురించి ఇంత మాట్లాడుకున్నాక, ఇంప్లాంట్ల దగ్గర పేషెంట్లను ఎక్కువగా విసిగించేది మాత్రం దాని చుట్టూ ఉన్న మెత్తని భాగమే. సహజంగా పన్ను చుట్టూ ఉండే చిగురు పలచగా, ఎముకకు గట్టిగా అంటుకుని ఉంటుంది. కాలి నుంచి వచ్చిన చర్మం మందంగా, కదులుతూ ఉంటుంది, దాని మీద వెంట్రుకలు కూడా మొలవచ్చు. ఇంప్లాంట్ ఆ చర్మాన్ని చీల్చుకుని నోట్లోకి వచ్చిన చోట మురికి చేరుతుంది, చుట్టూ ఎర్రగా కండ పెరుగుతుంది, తాకితే రక్తం వస్తుంది. ఎంత తోమినా మళ్లీ వస్తుంది.

అందుకే ఎముకతో కలిసేదాకా చర్మం కింద కప్పి ఉంచిన ఇంప్లాంట్లను తెరిచే సమయంలో ఓ చిన్న ఆపరేషన్ చేస్తారు. చర్మం కింది కొవ్వు తీసి పలచన చేస్తారు. పూడిపోయిన లోయను మళ్లీ తీస్తారు. అంగిలి నుంచో తొడ నుంచో పలచటి పొర తెచ్చి ఇంప్లాంట్ల చుట్టూ కప్పి, అది ఎముకకు అంటుకునేలా ఒక ప్లాస్టిక్ అచ్చుతో నొక్కి కొన్ని రోజులు ఉంచుతారు. పేషెంటుకు ఇది ‘మళ్లీ ఇంకో ఆపరేషనా?’ అనిపిస్తుంది. కానీ దీన్ని దాటవేసిన ఇంప్లాంట్ల దగ్గర ఇబ్బంది ఏళ్ల తరబడి తీరదు.

పై దవడ సంగతి వేరు

పై దవడలో భాగం పోతే నోటికీ ముక్కుకూ మధ్య గోడ పోతుంది. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో పలుకుతుంది. ఇక్కడ ఎముక కంటే ముందు ఆ కన్నం మూయాలి. దానికి పాత, నమ్మకమైన పరికరం ఆబ్ట్యురేటర్. కట్టుడు పళ్ల ప్లేటుకు పైన కన్నంలోకి దూరే ఉబ్బెత్తు భాగం ఉంటుంది. బరువు తగ్గడానికి దాన్ని డొల్లగా చేస్తారు. ఆపరేషన్ బల్ల మీదే తాత్కాలికంగా ఒకటి బిగిస్తే, పేషెంటు మెలకువ వచ్చిన కొద్ది కాలానికే మాట్లాడగలడు, నోటితో మింగగలడు. పళ్లు మిగిలి ఉన్నవాళ్లలో ఇది పళ్లను పట్టుకుని నిలుస్తుంది. పళ్లే లేనివాళ్లలో కిందికి జారుతుంది. అలాంటప్పుడు చెంప ఎముకలోకి పొడవాటి ఇంప్లాంట్లు వేస్తారు. మామూలు ఇంప్లాంట్ 8 నుంచి 15 మిల్లీమీటర్లుంటే ఇవి 30 నుంచి 50 మిల్లీమీటర్లు దాటి ఉంటాయి. బ్లాక్ ఫంగస్ తర్వాత చాలామందికి దిక్కయ్యింది ఈ పద్ధతే. బ్రిటన్ బృందం ఒకటి 2017లో చెంప ఎముక ఇంప్లాంట్లను, కన్నం మూసే కండ–చర్మాన్ని ఒకే ఆపరేషన్‌లో కలిపే పద్ధతిని వివరించింది. కన్నం మూసేశాక ఇంప్లాంట్లు ఆ చర్మాన్ని గుచ్చుకుని నోట్లోకి వస్తాయి. కొద్ది వారాల్లోనే పళ్లు అమర్చవచ్చు, రేడియేషన్ ఆలస్యం కాదు.

తీసి పెట్టుకునేవా, బిగించేవా

పేషెంట్లందరూ అడిగేది బిగించిన పళ్ల కోసమే. రాత్రి గ్లాసులో వేయాల్సిన పని లేని పళ్లు కావాలన్న కోరిక ఎంత న్యాయమో అర్థమవుతుంది. అయినా దవడ కోసినవాళ్లలో చాలామందికి తీసి పెట్టుకునే సెట్టే మేలు. మూడు నాలుగు ఇంప్లాంట్లను ఒక లోహపు బార్‌తో కలుపుతారు. సెట్టు అడుగున చిన్న క్లిప్పులుంటాయి. వాటిని బార్ మీద పెట్టి నొక్కితే టక్కున పట్టుకుంటుంది. నమిలేటప్పుడు కదలదు, కావాలంటే వేలితో లేపి తీయవచ్చు. ఎముకతో పాటు బుగ్గ, పెదవి లోపలికి పోయినవాళ్లకు ఆ సెట్టు గులాబీ రంగు అంచును మందంగా చేసి పెదవిని బయటికి నెట్టవచ్చు. బిగించిన పళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. శుభ్రం చేయడం తేలిక. అన్నిటికంటే ముఖ్యంగా, తీస్తే కింద ఏముందో డాక్టరు కంటికి కనిపిస్తుంది. క్యాన్సర్ వచ్చిన నోటిలో ఇది చిన్న సంగతి కాదు.

పళ్లు తయారయ్యే ముందు మైనంలో అమర్చి నోట్లో పెట్టి చూస్తారు. ఆ రోజును తొందరపడి ముగించకూడదు. పెదవులు మూసి చూడాలి, కొన్ని మాటలు పలికించాలి, నోట్లో నీళ్లు పట్టించి మింగించాలి. నాలుక పక్కకు ఎక్కడిదాకా వెళ్తుందో చూడాలి. కొరుకు కూడా దవడ పోయినవాళ్లకు ప్రతిసారీ ఒకే చోట పడదు. కీలు నుంచి, పోయిన కండరాల నుంచి వచ్చే సంకేతం తగ్గిపోయి ఉంటుంది. అందుకే పై పళ్ల ముఖాన్ని కోణాలు లేకుండా వెడల్పుగా, చదునుగా ఉంచుతారు. దవడ కాస్త అటు ఇటు పడినా పళ్లు తగలాలి. అందం చూసి కోణాలు చెక్కిన పళ్లు ఇలాంటి నోట్లో దవడను పక్కకు తోసేస్తాయి.

ఇదంతా జరగాలంటే నోరు తెరుచుకోవాలి. ముందు పళ్ల మధ్య 35 మిల్లీమీటర్ల కంటే తక్కువ తెరుచుకుంటే నోరు బిగిసిపోయినట్టే లెక్క. రేడియేషన్ తర్వాత కండరాలు గట్టిపడి అది ఇంకా తగ్గుతూ పోవచ్చు. ఇంప్లాంట్‌కు రంధ్రం వేసే పనిముట్టు, అచ్చు తీసే ట్రే, చివరికి సెట్టు కూడా ఆ దారి గుండానే లోపలికి వెళ్లాలి. కాబట్టి నోరు తెరిచే వ్యాయామం రేడియేషన్ మొదలవకముందే ఆరంభించి, అయిపోయాక కూడా నెలల పాటు కొనసాగించాలి. సర్జరీ గెలిచి, వ్యాయామం ఆపేసి, నోరు తెరుచుకోక ఇంప్లాంట్ పళ్లు పెట్టలేకపోయిన సందర్భాలు ఎవరికైనా బాధ కలిగిస్తాయి.

ఇంప్లాంట్లు అందరికీ కుదరవు. పొగ తాగడం ఆపలేకపోతున్నవాళ్లకు, షుగర్ అదుపులో లేనివాళ్లకు, జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్లకు, నోరు శుభ్రం చేసుకునే చేతి బలం లేనివాళ్లకు వద్దని చెప్పడమే సరైన సలహా కావచ్చు. ఒక వైపు గట్టి సొంత పళ్లుండి ఆ వైపే హాయిగా నమలగలిగినవాళ్లకు కూడా అన్ని ఆపరేషన్లు అవసరమా అని ఆలోచించాలి.

ఆపరేషన్‌కు ముందే అడగాల్సినవి

దవడ తీయాలని చెప్పిన రోజున పేషెంటు, ఇంట్లోవాళ్లు ఉన్న స్థితిలో పళ్ల గురించి అడగాలనే ఆలోచనే రాదు. అయినా అడగాలి. ఎంత భాగం తీస్తారు, అడుగు అంచు నిలుస్తుందా? ఎముక తెస్తారా, ప్లేటు మాత్రమేనా? పళ్ల నిపుణుడు ఈ ప్లాన్ చూశాడా? చూడకపోతే ఒక్క రోజు ఆగి చూపించవచ్చా? రేడియేషన్ ఉంటుందా, ఉంటే బాగాలేని పళ్లు దానికి ముందే తీసేస్తారా? మిగిలే పళ్లలో ఏవి భవిష్యత్తులో సెట్టుకు ఆసరాగా పనికొస్తాయి? ఈ చివరి ప్రశ్నకు ప్రత్యేకంగా విలువుంది. కదలకుండా ఉన్న ఒక్క దవడ పన్ను కూడా తర్వాత సెట్టును నిలబెట్టగలదు. తొందరలో దాన్ని కూడా తీసేస్తే తిరిగి రాదు.

పళ్లు పెట్టాక వాటి సంరక్షణ ఎవరిదన్నది కూడా ముందే తేలాలి. క్లిప్పుల ప్లాస్టిక్ అరిగి వదులవుతుంది, మార్చాలి. మరలు అప్పుడప్పుడూ బిగించాలి. బార్ కింద సన్నని బ్రష్షుతో రోజూ శుభ్రం చేసుకోవడం నేర్పాలి. రాత్రి సెట్టు తీసి పడుకోవాలి. ఆరు నెలలకోసారైనా బార్ చుట్టూ ఉన్న చర్మాన్ని, దాని పక్కన మిగిలిన చిగురును, నాలుక అంచును వెలుతురులో చూడాలి. సెట్టు ఒరుసుకుని పడిన పుండనుకున్నది, సెట్టు సరిచేశాక కూడా రెండు వారాల్లో మానకపోతే, ఇక ఆగకుండా బయాప్సీకి పంపాలి.